టెక్ సందేహాలు: ఫాంటసీ గేమ్‌లో భయం ఎంత ఉండాలి?

ఈసారి వచ్చిన సందేహాల్లో ఎక్కువ భాగం ఫాంటసీ రోల్ ప్లేయింగ్ గేమ్స్ (ఆర్పీజీలు) గురించే. కొందరికి వాటిలో భయం మరీ ఎక్కువైందట, కొందరికి అసలు సరిపోవడం లేదట. సొంతంగా గేమ్ తయారుచేస్తున్నవాళ్లు కూడా అడిగారు. ముందు భయం ఎక్కువైన వాళ్ల సంగతి చూద్దాం.

స్కైరిమ్ అనే ఆర్పీజీ కథ బాగా నచ్చింది. కానీ సమాధుల్లోకి దిగి నాలుగడుగులు వేశానో లేదో, శవపేటిక మూత ఎగిరిపడి డ్రాగర్ అనే బతికిన శవం లేస్తుంది. ప్రతిసారీ గుండె ఝల్లుమంటోంది. డిఫికల్టీని అన్నిటికంటే తేలికైన నోవిస్‌కి తగ్గించినా అంతే. వేరే దారి ఉందా?

ఉంది. కానీ అది డిఫికల్టీ మెనూలో దొరకదు. నోవిస్‌లో మీకు తగిలే దెబ్బ సగం అవుతుంది, మీరు కొట్టే దెబ్బ రెట్టింపవుతుంది. దాంతో చచ్చిపోతామేమోనన్న బెంగ పోతుంది. ఉలికిపాటు మాత్రం ఎక్కడికీ పోదు. నిశ్శబ్దంలోంచి ఒక్కసారిగా పెద్ద చప్పుడు వస్తే ఒళ్లు దానంతటదే అదురుతుంది. మనం ఆలోచించేలోపే జరిగిపోయే రిఫ్లెక్స్ అది. అందుకే ముందు సౌండ్ సంగతి చూడండి.

స్కైరిమ్ ఆడియో సెట్టింగ్స్‌లో మాస్టర్, ఎఫెక్ట్స్, ఫుట్‌స్టెప్స్, వాయిస్, మ్యూజిక్‌లకు వేర్వేరు స్లైడర్లు ఉంటాయి. మాస్టర్‌ని ముట్టుకోకండి. అది తగ్గిస్తే మాటలు వినపడక మళ్లీ పెంచాల్సి వస్తుంది. ఎఫెక్ట్స్‌ని సగానికి దించి, వాయిస్‌ని అలాగే ఉంచండి. చాలామంది చేసే పొరపాటు మ్యూజిక్‌ని పూర్తిగా ఆపేయడం. శత్రువు మిమ్మల్ని పసిగట్టగానే పోరాట సంగీతం మొదలవుతుంది. మ్యూజిక్ ఆపేస్తే ఆ హెచ్చరిక పోయి ఉలికిపాటు ఇంకా పెరుగుతుంది.

తర్వాత డైనమిక్ రేంజ్, అంటే అతి చిన్న శబ్దానికీ అతి పెద్ద శబ్దానికీ మధ్య తేడా. కొన్ని గేముల్లో, చాలా టీవీలు, సౌండ్‌బార్లలో దీన్ని తగ్గించే నైట్ మోడ్ ఉంటుంది. విండోస్ 11లో అయితే సెట్టింగ్స్, సిస్టమ్, సౌండ్‌లోకి వెళ్లి మీ స్పీకర్‌ని ఎంచుకుని, ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్‌లో లౌడ్‌నెస్ ఈక్వలైజేషన్ ఉందేమో చూడండి. ఇది డ్రైవర్‌ని బట్టి ఉంటుంది, అన్ని కంప్యూటర్లలోనూ కనిపించదు. ఉంటే ఆన్ చేయండి, సగం సమస్య అక్కడే తీరిపోతుంది. హెడ్‌ఫోన్స్ పక్కన పెట్టి స్పీకర్లు వాడండి. స్పేషియల్ ఆడియో, కంట్రోలర్ వైబ్రేషన్ కూడా ఆపేయండి. చేతిలో ఉన్న వస్తువు ఒక్కసారిగా అదరడం కూడా ఉలికిపాటే.

ఇక ఆట లోపల. వంగి నడిస్తే తెర మధ్యలో కన్ను గుర్తు కనిపిస్తుంది. అది మూసుకుని ఉన్నంతసేపూ మిమ్మల్ని ఎవరూ గమనించలేదని అర్థం. గోడ అరల్లో పడుకున్న శవాల్లో ఏది లేస్తుందో అనుమానంగా ఉంటే దూరం నుంచే బాణం వేయండి. దాక్కుని వేసిన బాణానికి దెబ్బ రెట్టింపు. ఆరా విస్పర్ అనే షౌట్ (అరిచి వేసే మంత్రం) దొరికిందంటే బతికున్నవాళ్లూ, లేచిన శవాలూ గోడల అవతల నుంచి కూడా కనిపిస్తారు. కెమెరాని థర్డ్ పర్సన్‌కి మార్చినా తేడా తెలుస్తుంది. వెనకనుంచి వచ్చేవాడు మీద పడకముందే కంట పడతాడు.

నాకు సాలెపురుగులంటే చచ్చేంత భయం. ఫాంటసీ గేముల్లో అవి లేని గుహే ఉండదు. వాటిని తీసేయొచ్చా?

కొన్ని గేముల్లో ఆ ఏర్పాటు లోపలే ఉంటుంది. హాగ్వార్ట్స్ లెగసీకి 2024 వేసవి అప్‌డేట్‌లో అరాక్నోఫోబియా మోడ్ వచ్చింది. యాక్సెసిబిలిటీ మెనూలో ఉంటుంది. ఆన్ చేస్తే సాలెపురుగుల రూపం మారుతుంది, వాటి అరుపులూ గరగరలూ తగ్గుతాయి లేదా పోతాయి. నేలమీద పాకే పిల్ల సాలీళ్లు కూడా పోతాయి. ఇందులో ఒక మెలిక ఉంది.  చచ్చిపడి ఉన్న సాలీళ్ల కళేబరాలు కూడా మాయమవుతాయి, కానీ దారికి అడ్డం అలాగే ఉంటాయి. ఆటలోని ఫీల్డ్ గైడ్ అనే పుస్తకంలోని బొమ్మలు మాత్రం మారవు. ఆ పేజీ జోలికి వెళ్లకపోవడమే మంచిది.

ఈ విషయంలో గ్రౌండెడ్ అనే గేమ్ పద్ధతి ఇంకా నయం. అందులో ఆన్, ఆఫ్ కాదు, స్లైడర్ ఉంటుంది. జరుపుతున్నకొద్దీ కాళ్లు పోతాయి, రూపం మొద్దుబారుతుంది, చివరికి గాల్లో తేలే గుండ్రటి ముద్దలే మిగులుతాయి. ఎక్కడ ఆపాలో ఆడేవాళ్లే తేల్చుకుంటారు.

లోపల ఏర్పాటు లేని గేమ్‌లకు మాడ్‌లే (ఆడేవాళ్లు తయారుచేసి పంచే మార్పులు) దిక్కు. స్కైరిమ్‌లో సాలీళ్ల స్థానంలో ఎలుగుబంట్లను పెట్టే మాడ్‌లు ఎప్పటినుంచో ఉన్నాయి. బాల్డర్స్ గేట్ 3 అయితే 2024 సెప్టెంబర్‌లో వచ్చిన ప్యాచ్ 7 నుంచి మాడ్‌లను ఆటలోంచే వేసుకోనిస్తోంది. వేసేముందు సేవ్ ఫోల్డర్‌ని కాపీ చేసి పెట్టుకోండి. స్కైరిమ్ స్పెషల్ ఎడిషన్‌కి అది డాక్యుమెంట్స్‌లో మై గేమ్స్ కింద ఉంటుంది. రూపం, టెక్స్చర్ మాత్రమే మార్చే మాడ్‌ని మధ్యలో తీసేసినా పెద్దగా ఇబ్బంది ఉండదు. స్క్రిప్టులున్న మాడ్‌ని ఆట మధ్యలో తీసేస్తే సేవ్ పాడయ్యే ప్రమాదం ఉంది. స్పెషల్ ఎడిషన్‌లో మాడ్ వేస్తే అచీవ్‌మెంట్లు రావన్న సంగతి కూడా గుర్తుంచుకోండి.

గుహల్లో ఏమీ కనపడటం లేదు, అంతా నల్లటి ముద్దలా ఉంది. ఇది గేమ్ కావాలని చేసిందా, నా టీవీ లోపమా?

రెండూ అయ్యే వీలుంది. ముందు టీవీని అనుమానించండి. కంప్యూటర్ లేదా కన్సోల్ 0 నుంచి 255 దాకా పూర్తి ఆర్‌జీబీ పంపుతుంటే, టీవీ 16 నుంచి 235 వరకే ఉందనుకుని చదువుతోందనుకోండి. 16 కంటే కింద ఉన్న నీడలన్నీ ఒకే నలుపైపోతాయి. నల్లటి ముద్ద అదే. పీఎస్5లో సెట్టింగ్స్, స్క్రీన్ అండ్ వీడియో, వీడియో అవుట్‌పుట్‌లో ఆర్‌జీబీ రేంజ్‌ని ఆటోమేటిక్‌లో పెట్టండి. ఎన్విడియా కార్డు ఉంటే కంట్రోల్ ప్యానెల్‌లో అవుట్‌పుట్ డైనమిక్ రేంజ్ చూడండి. టీవీలో హెచ్‌డీఎంఐ బ్లాక్ లెవెల్ అనే సెట్టింగ్ దానికి సరిపోయేలా ఉండాలి. హెచ్‌డీఆర్ వాడుతుంటే మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో విండోస్ హెచ్‌డీఆర్ క్యాలిబ్రేషన్ యాప్ దొరుకుతుంది, ఒకసారి చేసుకోండి. ఇవన్నీ అయ్యాకే గేమ్‌లోని బ్రైట్‌నెస్ స్లైడర్ దగ్గరికి వెళ్లండి. "బొమ్మ లీలగా కనిపించేవరకు జరపండి" అంటుందే, ఆ పరీక్షని మీరు రోజూ ఆడే వెలుతురులోనే చేయాలి. పగటి వెలుగులో సరిచేసి రాత్రి ఆడితే గుహలన్నీ బూడిదరంగులో వెలవెలబోతాయి.

కావాలని చీకటి పెట్టిన చోట్లూ ఉన్నాయి. 2011 నాటి డార్క్ సోల్స్‌లో టూంబ్ ఆఫ్ ది జెయింట్స్ అలాంటిదే. అక్కడ దారి కనిపించాలంటే స్కల్ లాంటర్న్ చేత పట్టాలి. అది పడితే ఆ చేతిలో డాలు ఉండదు. లేదంటే సన్‌లైట్ మాగట్ తలకు పెట్టుకోవాలి, కాస్ట్ లైట్ మంత్రమైనా వేయాలి. వెలుతురు కావాలంటే ఏదో ఒకటి వదులుకోవాలన్నమాట. అలాంటిచోట టీవీ బ్రైట్‌నెస్ పెంచేస్తే ఆ ఆటలో ఉన్న ఒక మంచి ఆలోచనను పారేసుకున్నట్టే.

నా క్యారెక్టర్ లెవెల్ పెరిగాక దేనికీ భయం వేయడం లేదు. లెజెండరీ డిఫికల్టీ పెడితే మళ్లీ వస్తుందా?

రాదు, విసుగు వస్తుంది. స్కైరిమ్ లెజెండరీలో మీకు మూడింతల దెబ్బ తగులుతుంది, మీ దెబ్బ పావువంతుకు పడిపోతుంది. అంటే అదే శత్రువును నాలుగింతల సేపు కొట్టాలి. పది నిమిషాలు నరికినదాన్ని చూసి ఎవరూ భయపడరు. దానికి బదులు డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో హెచ్‌యూడీ ఒపాసిటీని (తెరమీద కనిపించే గుర్తుల గాఢత) సున్నాకి దించండి. కంపాస్ మీద ఎర్ర చుక్కలు లేకపోతే మలుపు అవతల ఏముందో తెలియదు. స్పెషల్ ఎడిషన్‌లో సర్వైవల్ మోడ్ ఉంటే అది పెట్టండి. చలి, ఆకలి, అలసట వచ్చి పడతాయి, ఫాస్ట్ ట్రావెల్ ఉండదు. ఇంటికి తిరిగెళ్లే దారి పొడవైతే గుహ లోతు కూడా పెరుగుతుంది.

గేమ్‌లు తయారుచేసే సాఫ్ట్‌వేర్ ఆర్పీజీ మేకర్ ఎంజీ (MZ)లో మూడు గంటల ఫాంటసీ గేమ్ చేస్తున్నాం. భయపెట్టే సన్నివేశాలు ఎన్ని పెట్టాలి, ఎలా పెట్టాలి?

దీనికి లెక్కంటూ లేదు కానీ నా సలహా ఇది. పెద్ద చప్పుడుతో ఉలిక్కిపడేలా చేసేవి గంటకు ఒకటి మించొద్దు. మిగతా భయమంతా నష్టంలోంచి, తెలియనితనంలోంచి రావాలి. ఆర్పీజీ ఆటగాడికి ఇచ్చేదే బలం. కత్తి, మంత్రం, లెవెల్, పక్కన నలుగురు తోడు. ఆ బలం పనికిరాని చోటుకి కాసేపు తీసుకెళ్తేనే భయం. 2004లో వచ్చిన వాంపైర్: ది మాస్కరేడ్ బ్లడ్‌లైన్స్‌లో ఓషన్ హౌస్ హోటల్ ఘట్టం చూడండి. ఆడేది రక్తం తాగే వాంపైర్‌గా. ఆ హోటల్లో కొట్టడానికి ఒక్క శత్రువూ ఉండడు. వస్తువులు వాటంతటవే వచ్చి మీద పడతాయి. అన్ని శక్తులూ చేతిలోనే ఉన్నా వాటిని ఎవరి మీద వాడాలో తెలియదు.

నష్టం పెట్టే పద్ధతికి డార్కెస్ట్ డంజన్ మంచి ఉదాహరణ. హీరోకి స్ట్రెస్ 100 చేరితే మనసు విరిగి ఏదో ఒక పిచ్చి పడుతుంది, అరుదుగా ధైర్యం వస్తుంది. 200కి చేరితే గుండెపోటు. కాగడా ఆరిపోతున్నకొద్దీ ప్రమాదం పెరుగుతుంది, దొరికే సొమ్ము కూడా పెరుగుతుంది. కాగడా వెలిగించాలా, ఆరిపోనివ్వాలా అన్నది ఆడేవాళ్ల చేతిలోనే ఉంటుంది. అక్కడ మీదపడి అరిచేది ఏదీ లేదు, అయినా చెమటలు పడతాయి.

ఇక ఎంజీలో పని. ఇందులో 60 ఫ్రేములు ఒక సెకను. గదిలోకి రాగానే నేపథ్య సంగీతాన్ని తగ్గించే ఫేడవుట్ బీజీఎం 3 సెకన్లు పెట్టండి. గాలి చప్పుడు లాంటి బీజీఎస్‌ని (నేపథ్య శబ్దం) 40 వాల్యూమ్‌లో నడవనివ్వండి. 90 ఫ్రేములు ఆగాక తెర రంగు మార్చే టింట్ స్క్రీన్‌ని (-68, -68, -68, 0)కి 120 ఫ్రేముల్లో దించండి. తర్వాత ఒక్క అడుగు చప్పుడు, పాన్ -60, పిచ్ 80. అంతే, మొదటి గదిలో ఏమీ జరగకూడదు. జరగాల్సింది మూడో గదిలో, ఆటగాడు ఊపిరి పీల్చుకున్నాక. అక్కడ వాడే శబ్దం మీ గేమ్‌లో కత్తి దెబ్బ శబ్దాన్ని మించొద్దు. ముందున్న నిశ్శబ్దమే దాన్ని పెద్దది చేస్తుంది.

ఎక్కువగా చెడేది ఇక్కడే. దానంతటదే నడిచే ఆటోరన్ ఈవెంట్ చివర సెల్ఫ్ స్విచ్ (ఆ ఈవెంట్‌కి మాత్రమే చెందిన స్విచ్) ఆన్ చేసి, ఆ స్విచ్‌తో నడిచే ఖాళీ రెండో పేజీ పెట్టకపోతే ఆట అక్కడే బిగుసుకుపోతుంది. ఆటతో పాటే వెనక నడిచే ప్యారలల్ ఈవెంట్‌లో వెయిట్ లేకపోతే ప్రతి ఫ్రేముకీ నడిచి గేమ్ నెమ్మదిస్తుంది. టింట్ స్క్రీన్ మ్యాప్ మారినా పోదు. బయటికొచ్చే ఈవెంట్‌లో (0, 0, 0, 0) పెట్టడం మరిచిపోతే పట్టపగలు ఊరంతా చీకటే. యాదృచ్ఛిక పోరాటాలను ఆ నడవాల్లో చేంజ్ ఎన్‌కౌంటర్‌తో ఆపేయండి. పోరాటం తెర వచ్చిందంటే సంఖ్యలు కనిపిస్తాయి, సంఖ్యలు కనిపిస్తే భయం ఆవిరి.

సేవ్ విషయంలో ఇంకో చిక్కు. సెల్ఫ్ స్విచ్ సేవ్‌తో పాటే నిలుస్తుంది. భయపెట్టే ఘట్టం అయ్యాక, సేవ్ చేయకముందే ఆటగాడు చస్తే అదే ఘట్టం అచ్చు అలాగే మళ్లీ వస్తుంది. రెండోసారి నవ్వొస్తుంది. కాబట్టి ఘట్టం ముగిసిన వెంటనే సేవ్ స్థలం పెట్టండి. ఘట్టానికి ముందు కూడా పావుగంట పని పోయేలా ఉండకూడదు. పోయిన పావుగంట మీద వచ్చేది కోపం, భయం కాదు.

ఆప్షన్స్‌లో స్క్రీన్ షేక్, ఫ్లాష్, హఠాత్ శబ్దాలు మూడింటికీ వేర్వేరు స్విచ్‌లు ఇవ్వండి. ఫ్లాష్ సెకనుకు మూడుసార్లు మించకూడదు, మూర్ఛ ఉన్నవాళ్లకు ప్రమాదం.

తొమ్మిదేళ్ల పిల్లకు ఏ గేమ్ ఇవ్వొచ్చో రేటింగ్ చూసి తెలుసుకోవచ్చా?

కొంతవరకే. యూరప్‌లో 2003 నుంచి వాడుతున్న పెగి రేటింగ్‌లో 3, 7, 12, 16, 18 అని వయసులుంటాయి. భయపెట్టే బొమ్మలు, శబ్దాలు ఉంటే ఫియర్ అనే గుర్తు కూడా వేస్తారు, పెగి 7 మీద దాన్ని తప్పక వెతకండి. కానీ ఏది భయపెడుతుందో పిల్లను బట్టి ఉంటుంది. బ్రెత్ ఆఫ్ ది వైల్డ్‌కి అమెరికా ఈఎస్ఆర్‌బీ ఇచ్చింది పదేళ్లు పైబడినవాళ్ల రేటింగ్. అందులో నెత్తురు కనపడదు. అయినా గార్డియన్ అనే యంత్ర శత్రువు ఎర్ర కిరణం గురిపెట్టి, పియానో పరుగు అందుకుంటే పెద్దవాళ్ల చేతులే వణుకుతాయి. ట్రైలర్ కాదు, ఎవరైనా ఆడుతున్న వీడియోని మధ్యలోంచి ఇరవై నిమిషాలు ముందు మీరు చూడండి. ఆన్‌లైన్ గేమ్ దుకాణం స్టీమ్‌లో అయితే స్టీమ్ ఫ్యామిలీస్ కింద పిల్లల ఖాతా పెట్టి, మీరు ఒప్పుకున్న గేమ్‌లే కనపడేలా చేయొచ్చు.

కొన్నాక భయంతో ఆడలేకపోతున్నా. డబ్బు వెనక్కి వస్తుందా?

స్టీమ్‌లో కొని 14 రోజులు దాటకుండా, ఆడిన సమయం 2 గంటల లోపు ఉంటే వస్తుంది, కారణం ఏదైనా సరే. ఆర్పీజీల్లో పాత్రను తయారుచేసుకోవడానికే గంట పడుతుంది, అది కూడా ఆ రెండు గంటల్లోకే వస్తుంది. అనుమానంగా ఉన్న గేమ్ అయితే ముక్కు, జుట్టు తర్వాత దిద్దుకోవచ్చు. ముందు దొరికిన ముఖంతోనే మొదటి గుహ దాకా వెళ్లి చూడండి.