ట్రేలో మిగలని పేర్లు

ప్రశ్న: మేడమ్, దాతల సాయంతో నడిచే మా ఊరి గ్రంథాలయాన్ని నేను చూసుకుంటున్నాను. ఇష్యూ రిజిస్టరు బల్ల మీదే ఉంటుంది. మొన్న పేపరు చదవడానికొచ్చిన ఒకాయన ఊరికే పేజీలు తిప్పుతూ, తన తమ్ముడి భార్య హిందూ వివాహ చట్టం పుస్తకం తీసుకెళ్ళినట్టు చూశాడు. ఇంట్లో పెద్ద గొడవ. ఆవిడ మళ్ళీ రాలేదు. ఇప్పుడు కంప్యూటరు వచ్చింది, కోహా అనే గ్రంథాలయ సాఫ్ట్‌వేర్ పెట్టిస్తున్నాం. సభ్యుల వివరాల గురించి నియమాలు తిరగరాయమని కమిటీ అంటోంది. ఆధార్ జిరాక్సు తీసుకోవాలా?

జవాబు: ముందు ఆ రిజిస్టరు తీసి సొరుగులో పెట్టి తాళం వేయండి. దీనికి కమిటీ తీర్మానం అక్కర్లేదు. ఆవిడ గ్రూప్-2కి చదువుతోందేమో కూడా! రిజిస్టరులో పుస్తకం పేరుంటుంది గానీ ఎందుకు చదువుతున్నారో ఉండదు కదా.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా శాఖా గ్రంథాలయంలో బ్రౌన్ పద్ధతి ఉండేది. మన సి.పి. బ్రౌన్ కాదు లెండి, నీనా బ్రౌన్ అని అమెరికా లైబ్రేరియన్. సభ్యుడికి చిన్న జేబులాంటి అట్ట టికెట్టు, పుస్తకానికో కార్డు. పుస్తకం ఇచ్చేటప్పుడు ఆ కార్డును టికెట్టులో దోపి, గడువు తేదీ వెనకాల ట్రేలో నిలబెట్టేవాళ్ళం. తిరిగి తెచ్చిన రోజు కార్డు పుస్తకంలోకి, టికెట్టు మనిషి చేతికి. ఇక ఆ ట్రేలో ఏ ఆనవాలూ ఉండేది కాదు. "మావాడు పోయిన నెల ఏం పుస్తకాలు పట్టుకెళ్ళాడండీ?" అని ఒక తండ్రి వచ్చి అడిగితే తెలియదన్నాను. నిజంగానే తెలియదు మరి.

మీ నియమాల్లో ఈ ఒక్క సంగతీ ఉంటే చాలావరకు పనైపోయినట్టే: పుస్తకం తిరిగొచ్చి, బాకీ ఏమీ లేకపోతే, ఎవరు తీసుకెళ్ళారన్నది చెరిపేస్తాం. కోహా మాత్రం మనం చెప్పకపోతే పాత ఇష్యూలన్నీ దాచుకుంటుంది. అందులో సభ్యుల గోప్యత సెట్టింగు ఉంది. దాన్ని మారిస్తే పుస్తకం తిరిగిచ్చేటప్పుడే పేరు విడిపోతుంది. దానికి ముందుగా పేరులేని సభ్యుడి ఖాతా ఒకటి తెరవాలి. పెట్టిస్తున్న కుర్రాడి పక్కన కూర్చుని చేయించండి. ఆపైన చిరిగిన పేజీకి ఎవర్ని అడగాలో తెలియదు కాబట్టి, పుస్తకం వెనక్కి తీసుకునేటప్పుడే చేతిలో తిప్పి చూసుకోవాలి.

ఆధార్ జిరాక్సు ఎందుకండీ? పుస్తకం పోతే డబ్బు వచ్చేది ధరావతులోంచి, ఆధార్ నంబరులోంచి కాదు. చిరునామా కోసం కార్డు చూసి, వెనక్కిచ్చేయండి. కాపీ ఉండాల్సిందేనని కమిటీ పట్టుబడితే, చివరి 4 అంకెలే కనబడే మాస్క్ ఆధార్ తీసుకోండి. ఇప్పటికే ఫైల్లో ఉన్న జిరాక్సులు కమిటీ ముందే చింపేయండి.

గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం చెప్పింది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం దశలవారీగా అమల్లోకి వస్తోంది. మీ కాగితం రిజిస్టరు దాని కిందికి రాదు, కంప్యూటరులోకి ఎక్కిస్తే వస్తుంది. కాబట్టి పాత రిజిస్టర్లు ఎక్కించే పని పెట్టుకోకండి. 18 ఏళ్ళలోపు పిల్లల వివరాలకు తల్లిదండ్రుల సమ్మతి కావాలి. సభ్యత్వ ఫారంలోనే సంతకానికి చోటు పెట్టండి.

గుమ్మం దగ్గర, దారం కట్టిన పెన్నుతో, వచ్చినవాళ్ళు సంతకం చేసే పుస్తకం మీకూ ఉండే ఉంటుంది. అందులో ఫోన్ నంబరు గడి కొట్టేయండి. ఆడపిల్లల నంబర్లు అక్కణ్ణుంచే ఎక్కించుకుంటారు, నేను కళ్ళారా చూశాను.

ఆవిడ ఇంటికి మాత్రం కబురు పంపకండి. గ్రంథాలయం పేరెత్తితే మళ్ళీ రగులుతుంది. రిజిస్టరుకు తాళం వేశామన్న మాట పేపరు బల్ల దగ్గర నలుగురి ముందూ అనండి. మీ ఊళ్ళో ఆ మాట ఆవిడ దాకా వెళ్ళడానికి రెండు రోజులు పట్టదు.