మెదడులోని సహాయక కణాల పరిశోధన మా నాన్నకు ఇప్పుడు పనికొస్తుందా?

మీ నాన్నగారికి ఆల్జీమర్స్ అని తేలిందనీ, మెదడులో గ్లియా అనే సహాయక కణాలపై అమెరికా శాస్త్రవేత్త బెన్ బారెస్ చేసిన పరిశోధన గురించి చదివాననీ, దాని నుంచి మందేమైనా వచ్చిందా అనీ అడిగారు. మందు ఇంకా రాలేదు. ఆ పేరు చెప్పి ఎవరైనా మాత్రలు అమ్మితే కొనకండి. అయితే రోగిని ఇంట్లో చూసుకునే విషయంలో ఆ పరిశోధన నాకు ఎంతో అక్కరకు వచ్చింది. నేను నల్లగొండలో జంతుశాస్త్రం బోధిస్తాను. మా అత్తమ్మకు కూడా ఇదే జబ్బు.

న్యూరాన్ల (నాడీకణాల) చుట్టూ ఉండే గ్లియా కణాలను చాలాకాలం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. బారెస్ మొదట నాడీవైద్యుడు. దెబ్బతిన్న మెదళ్లలో ఈ కణాలు వింతగా మారి ఉండటం చూసి పరిశోధన వైపు మళ్లారు. స్టాన్‌ఫర్డ్‌లో ఆయన బృందం 2017లో ఒక ముఖ్యమైన సంగతి బయటపెట్టింది. మెదడుకు కాపలా కాసే మైక్రోగ్లియా రెచ్చిపోతే, అవి విడుదల చేసే పదార్థాల వల్ల ఆస్ట్రోసైట్లు అనే మరో రకం గ్లియా కణాలు న్యూరాన్లను పోషించే పని మాని న్యూరాన్లనే చంపగలవు. ఆల్జీమర్స్, పార్కిన్సన్స్ రోగుల మెదడు కణజాలంలోనూ అలాంటి ఆస్ట్రోసైట్లు కనిపించాయి. అదే ఏడాది డిసెంబరులో బారెస్ కన్నుమూశారు. ఆయన దగ్గర పనిచేసిన బెత్ స్టీవెన్స్ అంతకు ముందే, 2016లో, ఎలుకల్లో ఇంకోటి చూపారు. ఆల్జీమర్స్‌లో మెదడులో పేరుకునే అమిలాయిడ్ అనే ప్రొటీన్ ముద్దలు కట్టకముందే మైక్రోగ్లియా న్యూరాన్ల మధ్య ఉండే సంధులను మింగేస్తున్నాయి.

మనకు పనికొచ్చేది ఇక్కడుంది. జబ్బు ఉన్న మెదడులో మైక్రోగ్లియా ముందే రెచ్చి ఉంటాయి. ఒంట్లో ఎక్కడ ఇన్ఫెక్షన్ వచ్చినా ఆ సంకేతం మెదడుకు చేరి, అవి మరింత చెలరేగుతాయి. ఇన్ఫెక్షన్ లాంటి వాటి వల్ల ఒంట్లో వాపు (ఇన్‌ఫ్లమేషన్) వచ్చిన ఆల్జీమర్స్ రోగుల్లో జ్ఞాపకశక్తి త్వరగా తగ్గుతోందని ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ పరిశోధకులు 2009లో ప్రచురించారు.

మా అత్తమ్మ మనుషుల పేర్లు మరిచిపోయినా, చాటలో బియ్యం పోసిస్తే ఒక్క వడ్లగింజ వదలకుండా ఏరుతారు. నడి వేసవిలో ఒక మధ్యాహ్నం చాట పక్కకు నెట్టేసి, దుప్పటి మీద లేని గింజలు ఏరడం మొదలుపెట్టారు. పగలంతా మగత, రాత్రంతా కలవరింత. సొంత కొడుకునే ఎవరని అడిగారు. దేవరకొండ నుంచి చూడటానికి వచ్చిన చుట్టాలు జబ్బు ముదిరింది, ఇక ఇంతే అన్నారు. ఆల్జీమర్స్ రెండు రోజుల్లో అంతగా ముదరదు. ఆ పూటే వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లి మూత్ర పరీక్ష చేయించాం. ఇన్ఫెక్షన్ ఉంది, ఒంట్లో నీళ్లు కూడా తగ్గాయి. మందులు పడ్డాక మెల్లగా తేరుకున్నారు, మళ్లీ చాట అడిగారు. అయితే మునుపటి చురుకుదనం పూర్తిగా తిరిగి రాలేదు. అందుకే ఇన్ఫెక్షన్ రాకుండా చూసుకోవడమే సగం వైద్యమని గట్టిగా నమ్ముతాను.

మీ నాన్నగారికి షుగరు కూడా ఉందని రాశారు. మూత్రంలో మంటగా ఉందని ఆయన చెప్పలేకపోవచ్చు, పెద్దవాళ్లకు జ్వరం కూడా రాకపోవచ్చు. కాబట్టి ఒక్కసారిగా మగతగా ఉన్నా, కోపం పెరిగినా, తిండి మానేసినా ఆ రోజే చూపించండి. మలబద్ధకం, కొత్తగా మొదలుపెట్టిన మాత్రలు, ముఖ్యంగా నిద్రమాత్రలు కూడా ఇలా చేస్తాయి. వేసుకునే మందులన్నీ వెంట తీసుకెళ్లండి. వైద్యుడు వయసు మీదపడింది కదా అంటే, మొన్నటిదాకా ఇలా లేరని, ఏ రోజు నుంచి ఏం మారిందో వివరంగా చెప్పండి.