‘తక్కువ అంచనా’, ‘చులకన’ ఒకటేనా?

సందేహం: అమెరికా అంతర్యుద్ధంపై మా అబ్బాయి రాసిన వ్యాసంలో “దక్షిణాదివారు ఉత్తరాదివారిని తక్కువ అంచనా వేశారు” అన్న వాక్యాన్ని ఉపాధ్యాయులు కొట్టివేసి, అది ఇంగ్లీషు పోకడ అంటూ “చులకన చేశారు” అని దిద్దారు. ఏది సరైనది? ‘అంతఃయుద్ధం’ అని రాయవచ్చునా? – ఒక పాఠకుడు, అమలాపురం

సమాధానం: రెండూ ఒప్పే, కాని ఒకదాని చోట మరొకటి పెడితే అర్థం మారుతుంది. ‘అంచనా’ లెక్కకు చెందిన మాట. కోతకు ముందు చేను చూసి ఎకరానికి ఎన్ని బస్తాలు దిగుతాయో చెప్పేదీ, ధవళేశ్వరం దగ్గర వరద ఎన్ని లక్షల క్యూసెక్కులకు చేరుతుందో చెప్పేదీ అంచనాయే. తేలిక అనే అర్థం నుంచి వచ్చిన ‘చులకన’లో లెక్క లేదు, ఎదుటివానికి ఇవ్వవలసిన బరువు ఇవ్వకపోవడమే ఉంది. దిగుబడిని తక్కువ అంచనా వేస్తాం గాని చులకన చేయం.

జనబలంలో తమది తక్కువ చెయ్యి అని దక్షిణాదికి తెలియనిది కాదు: ఉత్తరాదిలో సుమారు 2 కోట్ల 20 లక్షలమంది, తమ వైపు బానిసలతో కలిపి 90 లక్షలమంది. అయినా తమవాడొక్కడు పదిమంది యాంకీల (ఉత్తరాదివారి) పెట్టు అని ప్రగల్భాలు పలికారు. అది అచ్చమైన చులకన. పత్తి సంగతి వేరు. 1858లో దక్షిణాది సెనేటర్ జేమ్స్ హామండ్ “పత్తే రాజు” అన్నాడు. తమ పత్తి అందకపోతే మిల్లులు మూతపడి బ్రిటన్ తమ పక్షానికి వస్తుందని వారు నమ్మారు. బ్రిటన్‌కు నిల్వలున్నాయి, తరువాత ఈజిప్టు, భారతదేశాల పత్తీ అందింది. ఇది ఎక్కువ అంచనా. (ఆ నినాదాన్ని ‘కాటన్ రాజు’ అని మాత్రం రాయనీయకండి, మన డెల్టాలో ఆనకట్ట కట్టించిన దొరే గుర్తుకొస్తాడు.)

ఉత్తరాదీ తక్కువ తినలేదు. 1861 జూలై 21న బుల్ రన్ పోరును చూడడానికి తమ రాజధాని వాషింగ్టన్ నుంచి కొందరు ఫలహారాల బుట్టలతో వెళ్లి, సాయంత్రానికి ఓడిన తమ సైన్యంతో కలిసి వెనక్కి పరుగెత్తారు. ఆ యుద్ధం 1865 దాకా సాగింది.

కాబట్టి మీ అబ్బాయి తరువాతి వాక్యాల్లో సైన్యం, కర్మాగారాలు, రైలుమార్గాల గురించి రాసి ఉంటే అతని మాటే ఉంచాలి. ఎదుటివారి ధైర్యం గురించి అయితే ఉపాధ్యాయుల దిద్దుబాటు మేలు. ఇంగ్లీషు నీడ పడిందనుకున్నా, ‘అంచనా వేయు’ మన నుడికారమే. ‘తక్కువ’ చేరినంత మాత్రాన పరాయిది కాదు.

‘అంతఃయుద్ధం’ తప్పు. క, పల ముందు విసర్గ నిలుస్తుంది: అంతఃకలహం, అంతఃపురం. యకారం ముందు రేఫ వస్తుంది: అంతర్యుద్ధం. ఆ యుద్ధం ముగిశాక వచ్చిన కాలాన్ని ‘పునఃనిర్మాణం’ అనక ‘పునర్నిర్మాణం’ అనడమూ ఇటువంటిదే.