పాత చీటీ మీద ట్రమడాల్ ఇవ్వనన్నారా?

మోకాలి ఆపరేషన్ తర్వాత మీ అమ్మగారికి రాసిన ట్రమడాల్ (నొప్పి మాత్ర), ఆల్ప్రాజోలామ్ (ఆందోళన తగ్గించే మాత్ర) అయిపోయాయి, బెంగళూరు మారతహళ్లిలో మెడికల్ షాపువాళ్లు అదే చీటీ మీద మళ్లీ ఇవ్వట్లేదు అన్నారు కదండీ. అందులో వాళ్ల తప్పేమీ లేదు. రెండూ షెడ్యూల్ హెచ్1 మందులే, అంటే డాక్టరు చీటీ ఉంటేనే, లెక్క రాసి అమ్మాల్సిన జాబితాలోవి. 2014 మార్చి నుంచి వీటిని అమ్మితే డాక్టరు పేరు, పేషెంటు పేరు, ఎన్ని మాత్రలు ఇచ్చారో వేరే రిజిస్టరులో ఎక్కించి మూడేళ్లు దాచాలి. మళ్లీ ఇవ్వొచ్చని డాక్టరు రాయకపోతే ఒక చీటీకి ఒక్కసారే. ట్రమడాల్ అయితే 2018లో ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల) చట్టం కిందికి కూడా వచ్చింది. కాబట్టి షాపులు మార్చి తిరగడం దండగ.

సర్జన్ ఓపీకి ఫోన్ చేసి, డిశ్చార్జి సమ్మరీ పట్టుకెళ్లండి. కొత్త చీటీలో తేదీ, అమ్మగారి పేరు, అడ్రసు, డోసు, మాత్రల సంఖ్య, సంతకం ఉన్నాయో లేదో అక్కడే చూసుకోండి. ఏదో ఒకటి మర్చిపోతారు, మళ్లీ ఆ ట్రాఫిక్‌లో వెళ్లాలి!

చీటీ ఇచ్చేస్తారులే అని మాత్రం అనుకోకండి. ఈ రెండూ కలిస్తే, ముఖ్యంగా పెద్దవయసులో, మత్తు ఎక్కువై ఊపిరి మందగించొచ్చు. పారాసెటమాల్‌తో సరిపెట్టవచ్చేమో అడగండి. పక్కింటివాళ్ల దగ్గర మిగిలిన మాత్రలు వద్దే వద్దు. పిక్కలో నొప్పి, వాపు ఉన్నా, జ్వరం వచ్చినా మందుల సంగతి తర్వాత, ముందు ఆస్పత్రికి వెళ్లండి. ఆయాసం వస్తే నేరుగా ఎమర్జెన్సీకే.

రెండో మోకాలికీ ఆపరేషన్ ఉంటే, ఆవిడ ఆల్ప్రాజోలామ్ వాడుతున్నట్టు మత్తు డాక్టరుకు ముందే చెప్పండి.