వాషింగ్ మెషీన్ గదిలో నీళ్లు వస్తుంటే ముందు కుళాయి చూడండి

భీమవరంలో మీరు కొత్తగా కట్టుకున్న ఇంట్లో వాషింగ్ మెషీన్ పెట్టిన వెనక గది నెలకి రెండుసార్లు తడిసిపోతోందని, మెకానిక్ వచ్చి మెషీన్ బాగానే ఉందని చెప్పి వెళ్లాడని రాశారు. మెకానిక్ చెప్పింది నిజమే అయ్యుంటుందండి. మాది పాలకొల్లు. పన్నెండేళ్లుగా మెషీన్ వాడుతున్నాం. ఇంట్లోకి మూడుసార్లు నీళ్లు వచ్చాయి, మూడుసార్లూ మెషీన్ లోపల ఏ తప్పూ లేదు. రెండుసార్లు కుళాయి పైపు బిగింపు దగ్గర, ఒకసారి తూము దగ్గర వచ్చింది సమస్య.

మొదటిసారి జరిగింది ఇప్పటికీ మర్చిపోలేను. భీష్మ ఏకాదశికి అంతర్వేది తీర్థానికి వెళ్లాం. నరసాపురంలో పంటు ఎక్కి సఖినేటిపల్లి రేవులో దిగి, రథం చూసుకుని, ఇంటికి వచ్చేసరికి రాత్రి పదకొండు. తలుపు తీసి అడుగు పెట్టగానే కాలికి చల్లగా నీళ్లు తగిలాయి. వెనక గది గడప దాటి సామాన్ల గదిలోకి, అక్కడి నుంచి హాల్లోకి వచ్చేశాయి. పైన వెయ్యి లీటర్ల ట్యాంకు మొత్తం ఖాళీ. ఏడాదికి సరిపడా ఆడించి పెట్టుకున్న సార్వా బియ్యంలో అడుగున ఉన్న రెండు బస్తాలు తడిసి ముద్దయ్యాయి. అత్తయ్య తెల్లవారేదాకా దుప్పట్ల మీద ఆ బియ్యం ఆరబోస్తూనే ఉన్నారు.

పొద్దున్నే ప్లంబర్ వచ్చి చూసి, “ఆయ్, పైపుకేం కాలేదండి, మూతి దగ్గర జారిపోయిందండి” అన్నాడు. మామూలు ఇత్తడి కుళాయి మూతికి నాలుగు స్క్రూలతో బిగించే తెల్లటి ప్లాస్టిక్ కాలర్ ఉంటుంది చూడండి, మాకు అదే తగిలించి వెళ్లారు. మా బోరు నీళ్లు ఉప్పు. స్క్రూల తలల మీద తెల్లగా పొర కట్టి, లోపల తుప్పు పట్టింది. ఒక స్క్రూ అయితే వేలు తగలగానే రాలిపోయింది.

మెషీన్ నీళ్లు పట్టడం ఆపిన ప్రతిసారీ లోపలి వాల్వ్ టక్కున మూసుకుంటుంది. పరుగున వచ్చే నీళ్లు ఒక్కసారిగా ఆగడంతో పైపు అదురుతుంది. ఆ సమయంలో పైపు మీద చెయ్యి వేస్తే మీకే తెలుస్తుంది. ఆ అదురుకి కాలర్ కొద్దికొద్దిగా వదులైపోతుంది. ఉతకడం అయ్యాక స్విచ్ కట్టేసినా, కుళాయి తెరిచి ఉన్నంతసేపూ ట్యాంకు నీళ్ల ప్రెషర్ ఆ పైపు మీదే ఉంటుంది. ట్యాంకు 10 మీటర్ల ఎత్తులో ఉంటే చదరపు సెంటీమీటరుకి దాదాపు ఒక కేజీ. అందుకే బట్టలు ఉతకని రోజు కూడా గది మునుగుతుంది.

మీకూ అలాంటి కాలరే ఉంటే తీయించేసి, మెషీన్ పైపు నట్టు నేరుగా ఎక్కేలా ముప్పావు అంగుళం మరలున్న కుళాయి పెట్టించండి. ఖర్చు పెద్దగా ఉండదు. గోడలోకి వెళ్లే మరకి టెఫ్లాన్ టేపు చుట్టాలి. పైపు నట్టుకి మాత్రం అక్కర్లేదు, లోపలి రబ్బరు వాషరే నీళ్లు ఆపుతుంది. దాన్ని చేత్తో గట్టిగా బిగిస్తే చాలు, రెంచీతో బలంగా తిప్పితే ప్లాస్టిక్ నట్టు చిట్లుతుంది. పైపు వంపు దగ్గర ఉబ్బినా, గీతల్లా పగిలినా మార్చేయండి. పైకి బాగానే కనిపించినా మేం ఐదేళ్లకోసారి మార్చేస్తున్నాం.

రెండోసారి తప్పు నాదే. వేసవిలో కాలువలు కట్టేసిన రోజుల్లో ట్యాంకు నిండేది కాదు. మెషీన్‌లోకి నీళ్లు సన్నగా వస్తున్నాయని పైపు విప్పి, మెషీన్ వెనక ఉండే చిన్న జల్లెడ తీసి చూస్తే ఒండ్రు పేరుకుని ఉంది. కడిగి పెట్టాను గానీ, కుళాయి తెరిచినా నీళ్లు రాకపోయేసరికి నట్టు సరిగ్గా బిగించానో లేదో చూసుకోకుండా వేరే పనిలో పడిపోయాను. మధ్యాహ్నం నీళ్లు వచ్చాయి, గదంతా నిండింది. ఆ జల్లెడ రెండు నెలలకోసారి కడగండి, కానీ నీళ్లు పారించి చూశాకే అక్కడి నుంచి కదలండి. ఆ ఒండ్రు జల్లెడ దాటి వాల్వ్‌లోకి పోతే, ప్లగ్ తీసేసినా డ్రమ్ములోకి నీళ్లు కారుతూ ఉంటాయి. అలా కనిపిస్తే వాల్వ్ మార్పించాల్సిందే.

ఇక తూము. మన డెల్టాలో ఇది ఇంకో పెద్ద బాధ. రోడ్లు ఎత్తు పెంచుకుంటూ పోతున్నారు, ఇళ్లు పల్లమైపోతున్నాయి. ఆగస్టులో వాన గట్టిగా పడితే వీధి డ్రైన్ నిండి, ఆ మురుగు తూములోంచి వెనక్కి ఎగదన్నింది. దానికి బయటికి వెళ్లే గొట్టంలో ఎన్‌ఆర్‌వి వేయించాం, అంటే నీళ్లు ఒకవైపే వెళ్లనిచ్చే వాల్వ్. మెషీన్‌ని అడుగు ఎత్తు సిమెంటు దిమ్మె మీద పెట్టాం. నేల వాటం తూము వైపే ఉందో లేదో ఒక చెంబెడు నీళ్లు పోసి చూడండి. మా మేస్త్రి వాటం గడప వైపు ఇచ్చేశాడు, అందుకే ఆ రాత్రి నీళ్లన్నీ బియ్యం దగ్గరికి చేరాయి. మళ్లీ టైల్స్ వేయించాల్సి వచ్చింది. లంక గ్రామాల్లో ఉన్నవాళ్లకి మాత్రం ఈ దిమ్మె, వాల్వ్ సరిపోవు. 2022 జులై గోదావరి వరద లాంటిది వస్తోందంటే ముందే మెషీన్ ప్లగ్ తీసి పై అంతస్తుకి ఎక్కించుకోవడమే.

ఒక్క సంగతి మాత్రం ఇంట్లో అందరికీ చెప్పండి. గదిలో నీళ్లు నిలిచి కనిపిస్తే అందులో కాలు పెట్టొద్దు. ముందు మెయిన్ స్విచ్ కట్టాలి. మేం ఆ రాత్రి చీకట్లో తెలియక అడుగు పెట్టేశాం. దేవుడి దయ, ఏమీ కాలేదు. తర్వాత 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్, పెట్టించుకున్నాం. ఎక్స్‌టెన్షన్ బాక్సు నేల మీద ఎప్పుడూ పెట్టకండి.

ఈ రాత్రికి మీరు చేయాల్సింది ఒకటే. నేల తుడిచి, మెషీన్ కింద, కుళాయి కింద పాత పేపర్లు పరిచి, కుళాయి తెరిచే ఉంచి, ఎదురుగా ఇంట్లోనే ఉండి రెండు గంటలు చూడండి. కుళాయి కింద పేపరు తడిస్తే కాలరో వాషరో. మెషీన్ కింద తడిస్తే వెనక పైపు నట్టు చూడండి. రెండూ పొడిగా ఉంటే కుళాయి కట్టేసి పడుకోండి, పొద్దున్న బట్టలు వేసి నీళ్లు వదిలేటప్పుడు తూము దగ్గర నిలబడండి. ఏది తడిసిందో ఇక్కడ రాస్తే, తర్వాత ఏం చేయాలో చెబుతాను.