పెరుగు తోడుకోని ఊళ్లో

విదేశాల్లో ఉంటున్న పిల్లల నుంచీ, ఇక్కడి తల్లుల నుంచీ వచ్చిన ఉత్తరాల్లో నాలుగింటికి ఈసారి జవాబులు.

ప్రశ్న: చికాగోలో చదువుకుంటున్నాను. రాత్రి పెరుగన్నం లేకపోతే తిన్నట్టే ఉండదు. కొన్న పెరుగు సయించడం లేదు. నేను తోడుపెడితే తెల్లారేసరికి పాలు పాలుగానే ఉంటున్నాయి.

జవాబు: తప్పు మీ చేతిది కాదు, వంటింటి చలిది. మన దగ్గర గట్టు మీద పెట్టిన గిన్నె రాత్రంతా 30 డిగ్రీల దగ్గర ఉంటుంది. అక్కడ చలికాలంలో గది 20 డిగ్రీలే. దుకాణం పెరుగులోని సూక్ష్మజీవులకు కావలసింది 40 నుంచి 43.

లీటరు హోల్ మిల్క్ పొంగు వచ్చేదాకా కాచి, సన్నసెగ మీద ఇంకో 10 నిమిషాలు ఉంచండి. పాశ్చరైజ్ చేసినవే కదా అని కాచడం మానొద్దు. ఆ వేడికి పాలలోని మాంసకృత్తుల తీరు మారడం వల్లే పెరుగు గట్టిగా కడుతుంది. చిటికెన వేలు ముంచి పది లెక్కపెట్టగలిగేంత వరకు చల్లారనివ్వండి. అక్కడి థర్మామీటరులో చూస్తే 110 ఫారన్‌హీట్. అంతకంటే బాగా వేడిగా ఉన్నప్పుడు కలిపితే తోడు దెబ్బతింటుంది.

తోడు ఒక పెద్ద చెంచా చాలు. డబ్బా మీద ‘లైవ్ అండ్ యాక్టివ్ కల్చర్స్’ అని రాసి ఉన్న ప్లెయిన్ పెరుగు తీసుకోండి. జెలటిన్, పెక్టిన్ కలిపినది వద్దు, ఆ గట్టిదనం వాటిదే. శాకాహారులైతే జెలటిన్ జంతువుల నుంచి తీస్తారని కూడా గుర్తుంచుకోండి.

గిన్నెకు మూతపెట్టి ఓవెన్‌లో ఉంచండి. ఓవెన్ వెలిగించొద్దు, లోపలి దీపం మాత్రం వేయండి. పాతరకం బల్బయితే ఆ వెచ్చదనం సరిపోతుంది. ఎల్‌ఈడీ అయితే వేడి రాదు కాబట్టి పక్కన మరిగిన నీళ్ల గిన్నె పెట్టి, చల్లారినప్పుడల్లా మార్చండి. 6 నుంచి 8 గంటలు కదపకండి. పులిసిపోతే ఎక్కువసేపు ఉంచారని, జిగురు సాగితే సాధారణంగా వెచ్చదనం చాల్లేదని అర్థం. ఓవెన్ తలుపుకి ‘లోపల గిన్నె ఉంది’ అని కాగితం అంటించడం మరవొద్దు, లేకపోతే రూమ్మేట్ పిజ్జా కోసం ఓవెన్ వెలిగించేస్తారు. ఇడ్లీ పిండి కూడా అక్కడే పులుస్తుంది. గిన్నెలో సగానికి మించి పోయకండి.

మర్నాటి తోడుకి రెండు చెంచాలు ముందే తీసిపెట్టుకోండి. దుకాణం తోడుతో మన ఇంటి రుచి పూర్తిగా రాదు. దగ్గర్లో తెలుగువాళ్లుంటే చెంచాడు తోడు అడగండి, మొహమాటపడకండి.

ప్రశ్న: పప్పులో పోపు పెడితే చాలు పొగ అలారం మోగుతోంది. వారంగా పోపు మానేశాను.

జవాబు: మానక్కర్లేదు. కరెంటు పొయ్యి కాయిల్ కట్టేసినా చాలాసేపు వేడిగానే ఉంటుంది, గ్యాసులా వెంటనే తగ్గదు. మీడియం మంట మీద రెండు చెంచాల నూనెలో ముందు శనగపప్పు, మినప్పప్పు వేయండి. రంగు తిరగడం మొదలవగానే ఆవాలు. అవి చిటపటలాడగానే మూకుడు కాయిల్ మీంచి పూర్తిగా పక్కకి తీసేయండి. జీలకర్ర, ఎండుమిర్చి, ఇంగువ, తడి తుడిచిన కరివేపాకు ఆ మిగిలిన వేడిలోనే వేగుతాయి. ఘాటంతా మాడిన మిరపకాయదే.

పొయ్యి మీది ఫ్యాను వేసినప్పుడు పైజాలీలోంచి గాలి మీ ముఖానికే కొడితే, అది పొగను బయటికి పంపడం లేదన్నమాట. పోపు పెట్టేముందే కిటికీ తెరవండి. కారిడార్ వైపు తలుపు మాత్రం తెరవొద్దు, అక్కడి అలారం మోగితే బిల్డింగంతా కిందికి దిగాల్సి రావచ్చు. అలారానికి కవరు తొడగడం, బ్యాటరీ తీయడం ప్రాణాపాయం.

ప్రశ్న: మా అబ్బాయి జర్మనీ వెళ్తున్నాడు. ఆవకాయ, నెయ్యి, కోడిపచ్చడి, కరివేపాకు పంపాలని ఉంది.

జవాబు: ఆవకాయ పంపండమ్మా. యూరోపియన్ యూనియన్ బయటి నుంచి వచ్చే ప్రయాణికులు మాంసం, పాల పదార్థాలు తేకూడదు కాబట్టి కోడిపచ్చడి, నెయ్యి వద్దు. పచ్చి ఆకుకి మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి, బదులుగా కరివేపాకు పొడి కొట్టివ్వండి. ఎండుకొబ్బరి చిప్పలు విమానంలో ఒప్పుకోరు, నూనె ఎక్కువ ఉండి అంటుకునే ప్రమాదం ఉంది. ఆవకాయ పైన తేలిన నూనె కొంత వంచేసి, సీసాలో అంగుళం ఖాళీ ఉంచండి. మూత కింద ప్లాస్టిక్ పొర వేసి, రెండు కవర్లలో కట్టి, చెక్-ఇన్ పెట్టెలో బట్టల మధ్య పెట్టండి. చేతిసంచీలో వద్దు.

ప్రశ్న: డాలస్‌లో ఉంటున్నాను. రోజూ పడుకునే ముందు అమ్మతో వీడియో కాల్. ఫోన్ పెట్టేశాక బెంగ ఇంకా ఎక్కువవుతోంది, నిద్ర పట్టడం లేదు.

జవాబు: కాల్ మానకండి, వేళ మార్చండి. రాత్రి ఫోన్ పెట్టేశాక మిగిలేది ఖాళీ గదే. చలికాలంలో డాలస్‌లో పొద్దున 8 అయితే ఇక్కడ రాత్రి 7:30. మార్చిలో అక్కడి గడియారం జరిగాక ఇక్కడ 6:30 అవుతుంది. ఆ వేళ మాట్లాడితే ఆ వెంటనే మీకు క్లాసో, పనో ఉంటుంది. ఆదివారం మాత్రం తీరిగ్గా, ఫోన్ గట్టు మీద పెట్టుకుని అమ్మ చెబుతుంటే ఒక కూర వండండి.

రెండు వారాలు దాటినా నిద్ర, తిండి సరిగా లేకపోతే, క్లాసులకు వెళ్లబుద్ధి కాకపోతే యూనివర్సిటీ కౌన్సెలింగ్ కేంద్రానికి ఫోన్ చేయండి. చాలా చోట్ల విద్యార్థులకు విడిగా రుసుము ఉండదు. బతకాలని లేదన్న ఆలోచన వస్తే ఆ క్షణమే 988కి ఫోన్ గానీ మెసేజ్ గానీ చేయండి. అమెరికాలో ఎక్కడినుంచైనా, ఏ వేళైనా పలుకుతారు.