ముందు ఆ నోట్‌బుక్ చదవండి, నీట్ మార్కులు తర్వాత

ప్రశ్న: మేడమ్, మాది పలమనేరు దగ్గర పల్లె. పదహారేళ్లుగా యలహంకలో ఉంటున్నాం. మా ఆయన పాల బూత్ నడుపుతారు. అమ్మాయి ఒకటో తరగతి నుంచి ఇక్కడే చదివి ఈ ఏడు సెకండ్ పీయూసీ (ఇక్కడి ఇంటర్) పాసైంది. నీట్‌లో గవర్నమెంట్ ఎంబీబీఎస్ సీటుకి సరిపడా మార్కులు రాలేదు. కర్ణాటక సీఈటీ ర్యాంకు పర్వాలేదు. లాంగ్ టర్మ్‌కి పంపుదామంటే వద్దంటోంది. 2022లో మా అత్తగారి ఊళ్లో ఆవులకి లంపీ జబ్బు వచ్చి ఒక పెయ్య చచ్చిపోయింది. సెలవులకని వెళ్లిన పిల్ల నోట్‌బుక్ నిండా ఆవుల లెక్కలు రాసుకొచ్చింది. అప్పటినుంచి జబ్బులు ఎలా వస్తాయో చదువుతానంటుంది. ఇప్పుడు వెటర్నరీ అంటోంది. మా ఆయన పొలం అమ్మైనా ఎంబీబీఎస్ చదివిస్తానంటారు. మా మరిదేమో 'ఆడపిల్లకి పశువుల డాక్టరు చదువేంటి, సంబంధాలు ఎలా వస్తాయి' అంటున్నాడు. బీఎస్సీ మైక్రోబయాలజీ అయితే రెంటికీ మధ్యగా ఉంటుందని ఒక కాలేజీ వాళ్లు చెప్పారు. నాకు టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏది మంచిది? నోట్‌బుక్‌లో పేజీ ఒకటి ఫొటో తీసి పంపుతున్నాను. దీని పిచ్చి మీకే అర్థమవుతుంది.

జవాబు: అమ్మా, మార్కుల కార్డు కన్నా ముందు ఆ పేజీయే చూశాను. ఎర్రావుకి మంగళవారం జ్వరం, గురువారానికి మెడ మీద గడ్డలు. పుల్లావుకి ఆదివారం మొదలు. పెంటదిబ్బ పక్కన కట్టేసిన రెంటికీ ముందు వచ్చింది, వసారాలో కట్టిన కర్రావుకి పది రోజులు ఆలస్యంగా వచ్చింది. పక్కన బాణం గుర్తు వేసి 'ఈగలా, దోమలా?' అని రాసింది. అట్టడుగున ఇంకో ప్రశ్న: 'మేకల టీకా ఆవులకి ఎందుకు వేశారు?'

మీరు పిచ్చి అన్నారు. దీనికి ఎపిడెమియాలజీ అని పేరు పెట్టి, జీతమిచ్చి మరీ చేయిస్తారమ్మా. ఎవరికి ముందు వచ్చింది, ఎవరికి తర్వాత వచ్చింది, ఎక్కడ ఉన్నవాళ్లకి వచ్చింది అని ఆరా తీయడమే ఆ పని. పిల్ల అనుమానం కూడా తప్పు కాదు. లంపీ వైరస్‌ని ఒక ఆవు నుంచి ఇంకో ఆవుకి మోసేవి ఎక్కువగా దోమలు, కుట్టే ఈగలు, పిడుదులే. మనుషులకి మాత్రం ఆ జబ్బు రాదు. మేకల టీకా సంగతంటారా, లంపీ వైరసూ మేకలకి మశూచి తెచ్చే వైరసూ దగ్గరి చుట్టాలు. ఒకదాని టీకా రెండోదాన్ని కూడా కొంతవరకు ఆపుతుంది. 1796లో ఎడ్వర్డ్ జెన్నర్ ఆవుల మశూచి రసిని ఒక పిల్లవాడి చేతికి ఎక్కించి మనుషుల మశూచిని అడ్డుకున్నది కూడా ఇలాంటి చుట్టరికం ఆసరాతోనే. వ్యాక్సిన్ అన్న మాటే లాటిన్‌లో ఆవు అన్న మాటలోంచి పుట్టింది. ఇవేవీ తెలియకుండానే మీ పిల్ల కొట్టంలో నిలబడి సరిగ్గా ఆ ప్రశ్నే అడిగింది. ఇన్నేళ్లలో నా ముందు కూర్చున్న పిల్లల్లో ఇలాంటి పేజీ చూపించినవాళ్లు ఇద్దరో ముగ్గురో.

కాబట్టి 'డాక్టరా, పశువుల డాక్టరా' అనే చోట మొదలుపెట్టకండి. ఈ పిల్లకి కావలసింది తెల్లకోటు కాదు, జబ్బు ఎక్కడినుంచి వచ్చిందో పట్టుకోవడం. అలా చూస్తే మనుషుల జబ్బులు, పశువుల జబ్బులు అని గోడ కట్టడమే కుదరదు. మనుషులకి అంటుకునే జబ్బుల్లో దాదాపు 60 శాతం జంతువుల నుంచి వచ్చినవే. కొత్తగా పుట్టుకొచ్చేవాటిలో అయితే నాలుగింట మూడు వంతులు.

మన కర్ణాటకలోనే చూడండి. 1957లో శివమొగ్గ జిల్లా క్యాసనూరు అడవిలో కోతులు చచ్చి పడ్డాయి. ఆ చుట్టుపక్కల ఊళ్లలో మనుషులకీ జ్వరాలు. మొదట అది ఎల్లో ఫీవరేమోనని భయపడ్డారు. చచ్చిన కోతుల్ని కోసి చూసినవాళ్లు, ఆకుల్లో పిడుదుల్ని ఏరినవాళ్లు, జ్వరం వచ్చినవాళ్ల రక్తం పరీక్షించినవాళ్లు, అందరూ కలిస్తేగానీ గుట్టు బయటపడలేదు. పిడుదులు మోసే కొత్త వైరస్ అది. ఇప్పటికీ మలెనాడులో దాన్ని 'మంగన కాయిలె', అంటే కోతి జబ్బు అంటారు. కోతులు చావడం కనిపెట్టి ఊరిని ముందే హెచ్చరించగలిగితే సగం పని అయినట్టే.

ఇప్పుడు మీ ఆయన మాట. ఎంబీబీఎస్ మంచి చదువే, కాదనను. కానీ అంటువ్యాధుల స్పెషలిస్టు కావాలంటే ఆ దారి పొడవు కూడా చూడాలి. ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు, ఎండీ మూడేళ్లు, ఆ పైన డీఎం మూడేళ్లు. ప్రతి మెట్టు దగ్గరా ఒక పోటీ పరీక్ష, పైకి వెళ్లేకొద్దీ సీట్లు తక్కువ. పొలం అమ్మి మొదటి మెట్టు కొంటే, రెండో మెట్టు దగ్గర అమ్మడానికి ఏముంటుంది?

లాంగ్ టర్మ్ గురించి నా తప్పొకటి చెప్పాలి. కొన్నేళ్ల కిందట ఒకబ్బాయికి 'ఇంకొక్కసారి రాయి నాన్నా' అని నేనే చెప్పాను. మూడోసారి రాశాడు, నాలుగోసారీ రాశాడు. చివరికి డిగ్రీలో చేరి, తనకన్నా మూడేళ్లు చిన్నవాళ్ల మధ్య కూర్చోలేక మానేశాడు. వాళ్లమ్మ కూరగాయల మార్కెట్లో కనిపిస్తే ఇప్పటికీ నవ్వుతూనే పలకరిస్తుంది. నాకే ముఖం చెల్లదు. వద్దంటున్న పిల్లని రెండోసారి కోచింగ్‌కి పంపమని ఇక నేను చెప్పలేను.

వెటర్నరీ మీద నాకు మొగ్గు ఉందని మీకు ఈపాటికి తెలిసిపోయే ఉంటుంది. కానీ కష్టం చెప్పకుండా దాటేయను. బీవీఎస్సీ అండ్ ఏహెచ్ కూడా ఐదున్నరేళ్లే, అందులో ఏడాది ఇంటర్న్‌షిప్. కుక్కపిల్లల్ని ముద్దు చేసే చదువు కాదది. భుజం దాకా గ్లోవ్ వేసుకుని ఆవుని పరీక్ష చేయాలి. పేడ, చీము, రక్తం, వాటన్నిటి వాసన మామూలైపోవాలి. చూడి ఆవు ఈసుకుపోయినప్పుడు, అంటే నెలలు నిండకముందే దూడ పడిపోయినప్పుడు, ఆ పిండాన్ని, మాయని ఉత్త చేతులతో లాగితే బ్రూసెల్లా అనే క్రిమి మనిషికి అంటుకోవచ్చు. నెలల తరబడి వచ్చిపోయే జ్వరం, కీళ్ల నొప్పులు. అది ఫలానా అని తేలక ముందు ఏవేవో మందులు మింగుతారు. పచ్చిపాలతోనూ వస్తుంది, కాస్తే చస్తుంది. మీ బూత్‌లో పచ్చిపాలు తాగుతామనే పెద్దమనుషులు ఎవరైనా ఉంటే వాళ్లకి ఈ ముక్క చెప్పండి.

దొమ్మ రోగం, అంటే ఆంత్రాక్స్, ఇంకో రకం. నిన్నటిదాకా బాగున్న పశువు పొద్దున్నే చచ్చి పడి ఉంటుంది, ముక్కులోంచి నల్లగా గడ్డకట్టని రక్తం. ఊరంతా చుట్టూ నిలబడి 'కోసి చూడండి డాక్టరమ్మా' అంటారు. కోయకూడదు. కోస్తే గాలి తగిలి ఆ క్రిములు గట్టి గింజల్లా మారి, ఆ నేలలో ఏళ్లకేళ్లు బతికే ఉంటాయి. చెవి నరం నుంచి ఒక్క చుక్క రక్తం తీసి, గాజు స్లైడు మీద పలచగా పరచి, మైక్రోస్కోపు కింద చూడాలి. అంతవరకూ ఎవరూ చర్మం వలవకుండా, మాంసం పంచుకోకుండా ఆపాలి. పేదవాడి ఇంట్లో చచ్చిన ఎద్దు దగ్గర నిలబడి ఆ మాట చెప్పడానికి చదువొక్కటే సరిపోదు, గొంతు కూడా ఉండాలి. మీ పిల్లకి ఆ గొంతుందా అన్నది నాకంటే మీకే తెలుస్తుంది. లాంగ్ టర్మ్ వద్దని తండ్రి ముందు నిలబడి చెప్పిందంటే ఉందనే అనుకుంటున్నాను.

చేరిన మొదటి నెలలోనే రేబీస్ టీకా ముందస్తు డోసులు వేయించండి. కాలేజీవాళ్లు ఏర్పాటు చేసేదాకా ఆగొద్దు. ఆ జబ్బు లక్షణాలు బయటపడ్డాక మనిషిని దాదాపుగా కాపాడలేం.

ఆ డిగ్రీ తర్వాత ఊళ్లో ఆసుపత్రి పెట్టుకోవడం ఒక్కటే దారి అనుకోకండి. మీరు ఉన్నదే యలహంక కదా, పిల్లని తీసుకుని ఒక రోజు బళ్లారి రోడ్డు మీద బస్సెక్కండి. జాతీయ క్షయ సంస్థ ఉంది. 1962లో మొదలైన దేశపు టీబీ కార్యక్రమానికి రూపురేఖలు దిద్దింది అక్కడే. అక్కడినుంచి యలహంక వైపు తిరిగి వస్తుంటే హెబ్బాళలో వెటర్నరీ కాలేజీ, పశువుల టీకాలు తయారుచేసే రాష్ట్ర సంస్థ, గాలికుంటు మీద పనిచేసే కేంద్ర పశువైద్య పరిశోధన సంస్థ ఐవీఆర్ఐ క్యాంపస్. వ్యవసాయ యూనివర్సిటీ వాళ్ల జీకేవీకే ఆవరణలో జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్. ఇక మీ యలహంకలోనే నివేది. ఏ జిల్లాలో ఏ నెలలో పశువులకి ఏ జబ్బు రావచ్చో వానలు, ఎండలు, పాత కేసులు కలిపి లెక్కగట్టి ముందే చెప్పే సంస్థ అది. ఎర్రావు, పుల్లావు లెక్కల్ని దేశమంతటికీ పెంచితే ఆ పనే అవుతుంది. అందులో శాస్త్రవేత్తగా చేరాలంటే బీవీఎస్సీ మీద ఎంవీఎస్సీ, పీహెచ్‌డీ, ఆపైన శాస్త్రవేత్తల నియామక పరీక్ష. ఎంవీఎస్సీలో మైక్రోబయాలజీ, ఎపిడెమియాలజీ, పబ్లిక్ హెల్త్ అన్నీ ఉంటాయి. కోలారు జిల్లా మాలూరులో పశువుల టీకాల కంపెనీ ఉంది. బెంగళూరులో విదేశాల నుంచి వచ్చే జంతువుల్ని తనిఖీ చేసే క్వారంటైన్ కేంద్రం ఉంది. మనుషుల వైపుకే రావాలనిపిస్తే ఎంపీహెచ్ (పబ్లిక్ హెల్త్‌లో పీజీ) కోర్సుల్లో చాలా చోట్ల వెటర్నరీ చదివినవాళ్లని తీసుకుంటారు.

బీఎస్సీ మైక్రోబయాలజీ రెంటికీ మధ్యగా ఉంటుందని చెప్పిన కాలేజీ వాళ్లకి సీట్లు నింపుకోవాలన్న తొందర ఉండి ఉంటుంది. ఆ డిగ్రీతో పశువుకి గానీ మనిషికి గానీ మందు రాసే హక్కు రాదు. అది పూర్తిగా ల్యాబ్ చదువు, డిగ్రీతో ఆగిపోతే చిన్న జీతాల దగ్గరే ఆగిపోతారు. ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ దాకా వెళ్లే ఓపిక ఉన్నవాళ్లకి మంచి దారే. వెటర్నరీ సీటు రాకపోతే రెండో ఎంపికగా పెట్టుకోండి. అప్పుడు ఆ కాలేజీ ల్యాబ్‌లోకి వెళ్లి చూడండి. ఇంక్యుబేటర్‌లో క్రిముల్ని పెంచే ప్లేట్లు ఉన్నాయా, వాటి మీద ఈ వారం తేదీ ఉందా అని చూస్తే బ్రోచర్ చదవక్కర్లేదు. బీఎస్సీ ఎంఎల్‌టీ కూడా ఉంది. ఆసుపత్రి ల్యాబ్‌లో కఫం, రక్తం, మూత్రం కల్చర్ పెట్టి ఏ యాంటీబయాటిక్ పనిచేస్తుందో తేల్చేది ఆ చదువు చదివినవాళ్లే. ఉద్యోగం త్వరగా దొరుకుతుంది. మీ పిల్ల కొట్టంలో నిలబడి ఆలోచించే రకం కాబట్టి నాలుగు గోడల మధ్య ఊపిరాడుతుందా అన్నదే నా సందేహం.

సీటు సంగతి. కర్ణాటకలో వెటర్నరీకి సీఈటీ ర్యాంకే చూస్తారు, అందులో పీయూసీ మార్కులకీ విలువ ఉంటుంది. ఒకటో తరగతి నుంచి ఇక్కడే చదివింది కాబట్టి ఏడేళ్ల చదువు నిబంధనతో ఇబ్బంది లేదు. స్టడీ సర్టిఫికెట్ల మీద బ్లాక్ విద్యాధికారి (బీఈఓ) సంతకాలు ఇప్పుడే పెట్టించి ఉంచుకోండి, కౌన్సెలింగ్ వారంలో ఆ ఆఫీసు ముందు నిలబడే పని తప్పుతుంది. నీట్ మార్కులూ వృథా కావు. దేశంలోని వెటర్నరీ కాలేజీల్లో 15 శాతం సీట్లు అఖిల భారత కోటా కింద నీట్ ఆధారంగానే ఇస్తారు, దానికి వేరేగా అప్లై చేయాలి. సొంత ఊరికి దగ్గర కదా అని తిరుపతి మీద ఆశ పెట్టుకుని ఉంటారు. పలమనేరులో పొలం ఉన్నంత మాత్రాన అక్కడ లోకల్ అవదమ్మా, పిల్ల ఎక్కడ చదివిందన్నదే లెక్క. ఇక ఆప్షన్లు పెట్టేటప్పుడు హెబ్బాళ ఒక్కటే కావాలని పట్టుపట్టకండి. హాసన, శివమొగ్గ, బీదర్, గదగ్ అన్నీ వరసగా పెట్టండి. బీదర్ దూరమే, అయినా ఇంట్లో కూర్చుని ఇంకో ఏడాది కోచింగ్ పుస్తకాలు తిరగేయడం కన్నా నయం.

డబ్బులు కట్టకముందే ఒక పని చేయండి. వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి ఓపీ దగ్గరికి ఒక పొద్దున మీ ఆయన్నీ పిల్లనీ కలిపి పంపండి. రెండు గంటలు ఊరికే నిలబడి చూస్తే చాలు. అక్కడ పనిచేస్తున్నవాళ్లలో ఎంతమంది అమ్మాయిలో మీ ఆయనే లెక్కపెట్టుకుని వచ్చి మీ మరిదికి చెబుతారు. మశూచి తర్వాత ప్రపంచం మొత్తం మీద లేకుండా చేయగలిగిన రెండో జబ్బు రిండర్‌పెస్ట్ అనీ, అది పశువుల జబ్బనీ, 2011లో దాని పీడ వదిలించింది ఎక్కువగా పశువుల డాక్టర్లేననీ కూడా మరిదితో ఒక మాట అనండి. సంబంధాల విషయంలో నా సలహా ఎవరూ విననక్కర్లేదు, అందులో నాకు అనుభవం లేదు.

వచ్చే శనివారం పిల్లని తీసుకుని రండి, ఆప్షన్లు కూర్చుని వేద్దాం. నోట్‌బుక్ మొత్తం తెమ్మనండి. మీరు పంపిన పేజీ కర్రావుకి గడ్డలు తేలిన రోజు దగ్గర ఆగిపోయింది. తర్వాత అది తేరుకుందో లేదో నాకు చూడాలనుంది.